మూసీ యొడ్డున ఆరవేసిన బట్టలు

హైదరాబాదు నగరమున అఫ్జల్‌గంజినుండి చార్మినారునకు పోవు త్రోవలో మూసీనదిపై ఒక వంతెన కలదు. దానిని ప్రజలు నయాపూల్ అందురు. నయాపూల్ అనగా క్రొత్త వంతెన అని అర్థము. దీనికంటె పాతదగు వంతెన మరియొకటి యుండుటచేత దీనికి ఆ పేరు వచ్చినది. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున 1578లో కట్టబడిన పురానాపూల్ ఇక్కడికి ఎగువను ఉన్నది. నయాపూల్ ఐదవ నిజామగు అఫ్జలుద్దౌలా కాలమున, 19వ శతాబ్దమున మొదట నిర్మింపబడినది. ఆ ప్రభువు పేరే అఫ్జల్‌గంజి పేటకును నిలిచినది. వంతెనపై నిలిచి ఎగువకు చూచినచో ఉత్తరపుటొడ్డున ఉస్మానియా ఆసుపత్రి పురాతన భవనమును, దక్షిణపుటొడ్డున హైకోర్టు గోపురములును కనబడును. దిగువకు చూచినచో సాలార్‌జంగు వస్తుప్రదర్శనశాల కనబడును.

పూర్వము ఈ వంతెనమీదినుండి క్రిందికి చూచువారికి మరియొక దృశ్యముకూడ కనబడెడిది. వానలు వెలిసిన పిమ్మట మూసీనది సన్నని పాయలుగా చీలి ప్రవహించెడిది. పాయల నడుమ ఇసుకతిన్నెలును, రాతిబండలును, పచ్చికపట్టులును తేలియుండెడివి. నీటియంచున చాకలివారు వరుసగా నిలిచి బండలపై బట్టలు ఉతుకుచుండెడివారు. ఉతికిన బట్టలు ఇసుకపైనను, బండలపైనను పరచబడియుండెడివి. తెల్లని దుప్పట్లును ధోవతులును ఒకవైపు, ఎఱ్ఱని పచ్చని చీరలు మరియొకవైపు, ఎవరో నేలపై పెద్ద ముగ్గు పెట్టినట్లు కానవచ్చెడివి. మూటలు దించుకొనిన గాడిదలు ఒడ్డున గడ్డి మేయుచుండెడివి. ప్రొద్దు వాలువేళకు ఆ ముగ్గంతయు మడతలుగా మారి, మూటలకెక్కి, ఇంటింటికి చేరెడిది.

నేడు ఆ దృశ్యము అక్కడ లేదు. అది ఎందుకు పోయినదో తెలిసికొనుటకు ముందు, బట్టలు ఆరవేయుట అను ఈ చిన్నపనిలో ఎంత నేర్పును, ఎంత శాస్త్రమును ఇమిడియున్నవో చూతము. ప్రతిదినమును మన యింట జరుగు పనియే యగుటచేత దానిని గూర్చి మనము ఆలోచింపము. తల్లి దండెముపై బట్టలు వేసినది, సాయంకాలమునకు అవి ఆరినవి, మనము తొడుగుకొన్నాము. అంతియే మన మెఱుగుదుము. కాని ఆ నాలుగైదు గంటలలో సూర్యుడును గాలియును మనకు చేసిపెట్టిన పని సామాన్యమైనది కాదు.

మొదట చాకిరేవు పని ఎట్లు సాగెడిదో తెలిసికొందము. సబ్బుబిళ్ళలు వ్యాప్తిలోనికి రాకపూర్వము మన చాకలివారు చవుడును ఉపయోగించెడివారు. చవుటినేలలపై తెల్లగా పొంగు ఈ మన్నులో సోడాక్షారము కలదు. మురికిబట్టలను చవుటినీటిలో తడిపి, పెద్ద బానపై పేర్చి, క్రింద మంటపెట్టి, ఆవిరిపట్టించెడివారు. దీనినే ఉబ్బవేయుట యందురు. క్షారమును ఆవిరియును కలిసి బట్టలోని జిడ్డును కరగించును. పిమ్మట బట్టను బండపై ఉతికి, పారునీటిలో జాడించి, తెల్లబట్టలకు నీలిమందు పెట్టి, అవసరమైనవానికి గంజిపెట్టి, పిండి, ఆరవేసెడివారు. పట్టువంటి సున్నితమైన బట్టలకు కుంకుడుకాయల నురుగును వాడెడివారు.

నూరిండ్ల బట్టలు ఒకచోట ఆరుచున్నను, ఒకరి బట్ట మరియొకరి మూటలోనికి పోయెడిది కాదు. ప్రతి యింటికిని ఒక గుర్తు ఉండెడిది. నల్లజీడిగింజ రసముతో బట్ట మూలను చిన్న చుక్కలో, గీతలో పెట్టెడివారు. ఎన్నిసార్లు ఉతికినను ఆ మరక పోదు. బడికి పోయి అక్షరములు నేర్చుకొను అవకాశము లభింపనివారుకూడ ఈ గుర్తుల లిపిని తమలో తాము కల్పించుకొని, వందలకొలది బట్టల లెక్కను తప్పులేకుండ నడపిరి. ఇది సామాన్యమైన జ్ఞాపకశక్తి కాదు.

ఇక ఆరవేయుటను గూర్చి విచారింతము. తడిబట్ట ఎట్లు ఆరును? నీరు నూరు డిగ్రీల వేడిమియొద్ద మరగి ఆవిరియగునని మీరు చదివియున్నారు. కాని దండెముమీది బట్ట ఎన్నడును మరగదు గదా! నీరు ఆవిరియగుటకు మరగుట అవసరము లేదు. నీటిలోని అణువులు ఎల్లప్పుడును కదలుచునే యుండును. వానిలో మిక్కిలి వేగము గలవి నీటి పైపొరను విడిచి గాలిలోనికి ఎగిరిపోవును. ఇది అన్ని వేడిమిలయందును జరుగుచునే యుండును. దీనినే బాష్పీభవన మందురు.

ఈ బాష్పీభవనము త్వరగా జరుగుటకు నాలుగు సాధనములు కావలెను. మొదటిది వేడిమి. ఎండ తగిలినకొలది అణువుల వేగము హెచ్చును. రెండవది విస్తారము. ముద్దగా పడవేసిన చీర రెండు దినములైనను ఆరదు. విప్పి పరచిన చీర ఒక జాములో ఆరును. మూడవది గాలి కదలిక. బట్టచుట్టు నున్న గాలి తేమతో నిండిపోయినచో, ఎగిరిన అణువులలో అనేకములు తిరిగి బట్టపైననే పడును. గాలి వీచినచో ఆ తడిగాలి తొలగి పొడిగాలి వచ్చును. నాలుగవది గాలి పొడిదనము. ముప్పది డిగ్రీల వేడిగల గాలి ఒక ఘనమీటరునకు సుమారు 30 గ్రాముల నీటియావిరిని ఇముడ్చుకొనగలదు. ఇరువది డిగ్రీలయొద్ద సుమారు 17 గ్రాములకంటె ఎక్కువ ఇముడ్చుకొనలేదు. గాలిలో అప్పటికే తేమ నిండియున్నచో, బట్టలోని నీటికి పోవుటకు చోటుండదు.

ఈ సంగతులు తెలిసిన పిమ్మట మూసీ యిసుకతిన్నెలు ఎంత మేలైన స్థలములో బోధపడును. నదీగర్భము విశాలమైనది, దానిపై నీడ పడదు. రెండు ఒడ్డుల భవనముల నడుమ గాలికి అడ్డు లేదు. రాతిబండలు ఉదయమునుండి ఎండకు కాగి, పైన పరచిన బట్టకు క్రిందినుండికూడ వేడిని అందించెడివి. హైదరాబాదు సముద్రమునకు దూరముగా, పీఠభూమిపై సుమారు 500 మీటర్లకు మించిన ఎత్తున ఉన్న నగరము. అందుచేత వానకాలము తప్ప తక్కిన కాలములందు ఇక్కడి గాలి చాలవరకు పొడిగా ఉండును. మచిలీపట్నమువంటి సముద్రతీర పట్టణములలో ఎండ తీక్ష్ణముగా ఉన్న దినములందును గాలిలో తేమ యుండుటచేత బట్టలు అంత త్వరగా ఆరవు. హైదరాబాదులో శీతకాలమున ఎండ మందముగా ఉన్నను, గాలి పొడిగా ఉండుటచేత బట్టలు చక్కగా ఆరును. ఎండయొక్కటియే చాలదనుటకు ఇదియే నిదర్శనము.

బాష్పీభవనములో మరియొక విశేషము కలదు. నీరు ఆవిరియగుటకు వేడి కావలెను. ఆ వేడిని అది తన చుట్టునున్న వస్తువులనుండి లాగుకొనును. అందువలననే ఎండలో ఆరుచున్న తడిబట్టను తాకినచో చల్లగా ఉండును. మట్టికూజాలోని నీరు చల్లబడుటకును ఇదియే కారణము. వేసవిలో హైదరాబాదులోని ఇండ్ల గుమ్మములకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీరు చల్లు అలవాటు కలదు. వానిగుండ వచ్చు వడగాలి చల్లబడి, పరిమళముతో గదిలోనికి వచ్చును. దండెమును, కూజాయు, తడికయు ఒకే ప్రకృతి సూత్రమునకు మూడు దృష్టాంతములు.

ఎండ బట్టను ఆర్చుటయేకాదు, శుభ్రపరచునుగూడ. సూర్యరశ్మిలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. ఇవి అనేక సూక్ష్మజీవులను నశింపజేయును. తడి లేకుండుటచేత మిగిలినవియు పెరుగజాలవు. రోగి పడుకొనిన దుప్పటిని, పసిబిడ్డ పొత్తిగుడ్డలను బాగుగా ఉతికి ఎండలో వేయవలెనని మన పెద్దలు చెప్పుట ఊరక కాదు. ఎండలో ఆరిన బట్టకు ఒక కమ్మని వాసన యుండును. డెన్మార్కు దేశమున కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్రజ్ఞులు తువాళ్ళను ఎండలోను, నీడలోను, ఇంటిలోపలను ఆరవేసి పరీక్షించి, ఆ ఫలితములను 2020లో ప్రకటించిరి. ఎండలో ఆరిన తువాళ్ళయందు, పూలయందును పరిమళద్రవ్యములందును ఉండు కొన్ని సువాసన పదార్థములు పుట్టినట్లు వారు కనుగొనిరి. తడిబట్టపై సూర్యరశ్మి పడుటచేత కలుగు రసాయనిక మార్పే అందుకు కారణమని వారి యభిప్రాయము.

తడిబట్టపై ఎండ చూపు ఈ ప్రభావమును మన పనివారు ఎన్నడో గ్రహించిరి. మచిలీపట్నమునకు సమీపమునగల పెడనలో కలంకారీ అద్దకమునకు బట్టను సిద్ధపరచునప్పుడు, దానిని పేడనీటిలో నానబెట్టి, ఉతికి, ఎండలో పరచి, ఆరిపోకుండ మాటిమాటికి నీరు చల్లుచు తెల్లబరచు పద్ధతి పూర్వమునుండి వచ్చుచున్నది. శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలను స్వర్ణముఖీనది నీటిలో జాడించి ఒడ్డున ఆరవేయుట ఆచారము. చెన్నపట్టణమున వాషర్‌మన్‌పేట అను పేట యున్నది. ఈస్టిండియా కంపెనీవారు ఎగుమతిచేయు నూలుబట్టలను ఉతికి తెల్లబరచు చాకలివారు అక్కడ నివసించుటచేత దానికి ఆ పేరు కలిగినది. ఐరోపాలోకూడ హాలెండు దేశపు హార్లెం పట్టణమున నారబట్టలను పచ్చికబయళ్ళపై నెలలకొలది పరచి తెల్లబరచెడివారు. 1799లో స్కాట్లండువాడగు చార్లెస్ టెన్నంటు బ్లీచింగుపౌడరును తయారుచేయు విధానమునకు హక్కుపత్రము పొందినాడు. నాటినుండి ఎండ నెలలలో చేయుపనిని రసాయనము కొలది దినములలో చేయసాగినది.

అయితే తెలుపునకు మేలుచేయు ఎండయే రంగులకు కీడు చేయును. అందుచేత రంగుబట్టలను లోపలివైపు పైకి త్రిప్పి, గాలి తగులు నీడలో ఆరవేయవలెను. పట్టుబట్టలనుగూడ నీడపట్టుననే ఉంచవలెను. ఉన్నిబట్టలను వ్రేలాడదీసినచో నీటిబరువునకు సాగిపోవును. కావున వానిని చదునైనచోట పరచవలెను. ఏ బట్టనైనను దండెముపై వేయుటకు ముందు గట్టిగా దులుపవలెను. అట్లు చేసినచో ముడుతలు పోవును. పోగులు విడివడి గాలి చొచ్చుకొనును. చొక్కాలను భుజములవద్ద గాక క్రింది అంచువద్ద పట్టించి వ్రేలాడదీయవలెను. జేబులును, నడుముపట్టీలును ఆలస్యముగా ఆరును గనుక వానిని గాలివైపునకు త్రిప్పవలెను. రెండు బట్టలనడుమ జానెడు ఎడమైన ఉంచవలెను. వేయుటకు ముందు దండెమును తుడువవలెను. ఆరిన వెంటనే తీసివేయవలెను. చాకిరేవులలో రెండు త్రాళ్ళను పేని కట్టి, ఆ పురుల నడుమ బట్ట అంచును దూర్చు పద్ధతి యున్నది. ఎంత గాలి వీచినను బట్ట ఎగిరిపోదు. చిమటాల అవసరము లేదు.

వానకాలమున మాత్రము కష్టమే. గాలి తేమతో నిండియుండును. అట్టిదినములలో అనేకులు బట్టలను పడకగదిలోనే కట్టివేయుదురు. బట్టలలోని నీరు ఎక్కడికిని పోక ఆ గదిగాలిలోనే నిలుచును. గోడలకు బూజుపట్టును, బట్టలు ముక్కవాసన కొట్టును. చెమ్మబట్టలు తొడిగినచో తామరవంటి చర్మవ్యాధులు ప్రబలుటకు వీలు కలుగును. అందుచేత వానకాలమున కొద్దికొద్దిగా బట్టలు ఉతికి, కిటికీలు తెరచి, వసారాలో గాలి ఆడుచోట వేయవలెను. పూర్తిగా ఆరకముందు మడతపెట్టరాదు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనన్న సామెత వానకాలపు ఎండకు చక్కగా వర్తించును.

ఇక్కడ విద్యార్థులు మనస్సున నాటుకొనవలసిన విషయ మొకటి కలదు. ఏటేట వానకాలము రాగానే, దండెముపై బట్టలు ఆరవేయుచు విద్యుద్ఘాతమునకు లోనై మరణించినవారి వార్తలు పత్రికలలో చదువుచున్నాము. తల్లి దండెమును పట్టుకొని విలవిలలాడుచుండగా కాపాడబోయిన బిడ్డకూడ ప్రాణములు గోల్పోయిన సంఘటనలు పెక్కు జరిగినవి. దీనికి కారణము సూర్యుడును కాదు, గాలియును కాదు, మన అజాగ్రత్తయే. అనేకులు దండెమునకు ఇనుపతీగను కట్టుదురు. దాని కొనను రేకులకప్పునకో, విద్యుత్తు స్తంభమునకో, మీటరు ప్రక్కనున్న కొక్కెమునకో ముడివేయుదురు. పైపొర చీలిన విద్యుత్తీగ ఎక్కడైన దానికి తగిలినచో దండెమంతయు మృత్యుపాశమగును. తడిబట్టయు, తడిచేతులును, తడినేలయు విద్యుత్తునకు త్రోవ చూపును.

కావున దండెమునకు ఇనుపతీగ వాడరాదు. నైలాను త్రాడో, నూలుత్రాడో కట్టవలెను. విద్యుత్తు స్తంభమునకును, రేకుల కప్పునకును దానిని కట్టరాదు. విద్యుత్తీగలకు దూరముగా కట్టవలెను. ఎవరికైన విద్యుద్ఘాతము తగిలినచో వారిని చేతితో ముట్టరాదు. ముందు ఇంటి మెయినుస్విచ్చిని ఆపవలెను. అది వీలుకానిచో పొడినేలపై నిలిచి, పొడి కఱ్ఱతో వారిని తీగనుండి వేరుచేయవలెను, వెంటనే పెద్దలను పిలువవలెను, ఆసుపత్రికి చేర్చవలెను. ఈ పాఠము చదివినవారు నేడే ఇంటికి పోయి తమ దండెము దేనితో కట్టబడినదో, ఎక్కడ కట్టబడినదో చూచినచో, ఈ పాఠము ఫలించినట్లే.

ఇక మూసీకథకు మరలుదము. మూసీ వికారాబాదు సమీపమునగల అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నడుమ ప్రవహించి, వాడపల్లివద్ద కృష్ణలో కలియును. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఈ నది మహోగ్రముగా పొంగి వేలకొలది ప్రజలను పొట్టనబెట్టుకొన్నది. నయాపూల్‌కూడ ఆ వరదలో దెబ్బతిన్నది. పిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, వరదలను అరికట్టు ఉపాయమును సూచింపుమని కోరినది. ఆయన సలహాననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరును, దాని ఉపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరును నిర్మించిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. నగరమునకు వరదభయము తగ్గినది, త్రాగునీరు లభించినది. కాని ఎగువనీరు చెరువులలో నిలిచిపోవుటచేత, వానలు లేని కాలమున నగరములోని మూసీలో నీరు సన్నగిల్లినది.

నీరు సన్నగిల్లుటయే గాక, పెరిగిన నగరము తన మురుగునంతయు ఆ నదిలోనికే విడిచినది. కర్మాగారముల వ్యర్థజలములును వచ్చి కలిసినవి. ఏ నీటిలో నగరపు మురికి వదలెడిదో, ఆ నీరే నగరపు మురికియైనది. అట్టి నీటిలో జాడించిన బట్ట శుభ్రమగునా? క్రమముగా చాకలివారు ఆ పాయలను విడిచి, గొట్టపుబావుల నీటితో నిండు తొట్లను ఆశ్రయింపవలసివచ్చినది. సూర్యుడు మారలేదు, గాలి మారలేదు, బండలును మారలేదు. మారినది నీరొక్కటియే. నీటితోపాటు వారి రేవును పోయినది. నది చెడినప్పుడు మొట్టమొదట నష్టపోవువారు దానిని నమ్ముకొని బ్రతుకు శ్రమజీవులే యని ఇందువలన తెలియుచున్నది. మురుగును శుద్ధిచేసిన పిమ్మటగాని నదిలోనికి విడువకుండుటకు ఇప్పుడు ప్రయత్నములు జరుగుచున్నవి. శుద్ధియంత్రములు నిర్మించుట ప్రభుత్వము పని. చెత్తసంచిని వంతెనమీదినుండి విసరకుండుట మన పని.

మన మురికిని వదలించిన ఈ వృత్తివారిని లోకము చాలకాలము చిన్నచూపు చూచినది. ఇది మిక్కిలి అన్యాయము. పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుని కాలమున మడివాలు మాచయ్య అను భక్తుడు శివభక్తుల వస్త్రములను ఉతుకుటయే తన వ్రతముగా గైకొనెను. ఆయన కథను పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున భక్తితో వర్ణించెను. ఆ సోమనాథుని పేరు పాలకుర్తి గ్రామముతో ముడిపడియున్నది. ఆ పాలకుర్తియందే 1940వ దశకమున చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన భూమికొఱకు, పండించిన పంటకొఱకు విసునూరు దేశముఖు దౌర్జన్యమును ధైర్యముతో ఎదిరించెను. ఆ కాలమున గ్రామములలో వృత్తిపనివారు దొరల యిండ్లలో కూలి లేకుండ వెట్టిచాకిరి చేయవలసియుండెడిది. అట్టి దినములలో ఒక సామాన్య స్త్రీ సంఘమువారి అండతో నిలిచి తన పంటను ఇంటికి చేర్చుకొనుట తెలంగాణ రైతాంగపోరాటమునకు ప్రాణముపోసినది. ఆమె 1985లో కన్నుమూసెను. నయాపూల్‌నుండి కాలినడకను పోదగినంత దూరమున, కోఠిలోగల మహిళావిశ్వవిద్యాలయమునకు 2024లో తెలంగాణ ప్రభుత్వము ఆమె పేరు పెట్టినది. మూసీయొడ్డున శ్రమించిన ఆ వృత్తివారి ఆడబిడ్డ పేరు మూసీకి చేరువలోనే విద్యామందిరముపై వెలసినది.

నేడు బట్టలను ఉతుకుటకేగాక ఆర్చుటకును యంత్రములు వచ్చినవి. ఆసుపత్రులకును, పెద్ద లాండ్రీలకును అవి అవసరమే. తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిల్ నుండి లాండ్రీలకును దోబీఘాట్లకును నెలకు 250 యూనిట్ల వరకు విద్యుత్తును ఉచితముగా ఇచ్చు పథకమును ప్రవేశపెట్టి, ఆ వృత్తివారి భారమును కొంత తగ్గించినది. కాని ప్రతి యింటికిని ఆర్చు యంత్రము కావలెనా? ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక కిలోగ్రాము నీటిని ఆవిరిచేయుటకు సుమారు 2,430 కిలోజౌళ్ళ శక్తి కావలెను. ఒక కుటుంబపు బట్టలలో పిండిన పిమ్మట మూడు కిలోగ్రాముల నీరు మిగిలినదనుకొందము. దానిని ఆవిరిచేయుటకు 7,290 కిలోజౌళ్ళు, అనగా సుమారు రెండు యూనిట్ల విద్యుత్తుతో సమానమగు శక్తి కావలెను. దినదినమును మన డాబాపై ఎండయు గాలియు ఈ రెండు యూనిట్ల పనిని పైకము పుచ్చుకొనకుండ చేసిపెట్టుచున్నవి.

అమెరికాకు పోయిన తెలుగువారు అక్కడ ఒక సంగతి చూచి ఆశ్చర్యపడుదురు. ఎండ బాగుగా కాయుచున్నను అనేక నివాసములలో ఆరుబయట బట్టలు కనబడవు. దండెములు కట్టినచో వీధి అందము చెడునని ఇంటిసంఘములు నిషేధించుటయే అందుకు ఒక కారణము. దీనికి ప్రతిగా ఎండలో బట్టలు ఆరవేసికొను హక్కు పౌరులకు ఉండవలెనని కొందరు ఉద్యమించిరి. ఫ్లోరిడా, కొలరాడో, వెర్మాంటు మొదలగు రాష్ట్రములు ఆ హక్కును కాపాడు చట్టములు చేసినవి. మన నగరములలోను కొన్ని అపార్టుమెంట్లలో ఇట్టి నిషేధములు తలయెత్తుచున్నవి. శుభ్రమైన బట్ట ఎండలో ఆరుట సిగ్గుపడవలసిన విషయము కాదు. అందరికిని ఉపయోగపడునట్లు డాబాపై ఒక ప్రక్క ఆరవేయు చోటు కేటాయించుకొనినచో, అందమునకును లోపముండదు, అవసరమును తీరును.

బాలబాలికలారా! రానున్న ఆదివారమున మీరే ఒక పరీక్ష చేయుడు. ఒకే కొలతగల నాలుగు చేతిరుమాళ్ళను తడిపి, సమానముగా పిండుడు. ఒకదానిని ఎండలో విప్పి వేయుడు. రెండవదానిని నీడలో గాలి తగులునట్లు వేయుడు. మూడవదానిని మూసిన గదిలో వేయుడు. నాలుగవదానిని ముద్దగా చుట్టి ఎండలో పెట్టుడు. ఏది ఎంతసేపటికి ఆరినదో వ్రాసికొనుడు. వానకాలమున మరల చేసి, రెండు లెక్కలను సరిచూడుడు. పుస్తకములోని బాష్పీభవనము మీ డాబాపై మీకు కనబడును. ఆ దినమున ఇంటిల్లిపాది బట్టలను ఆరవేయు పనిని మీరే చేపట్టినచో మీ తల్లికి కొంత విశ్రాంతియు లభించును. ఆ పని ఆడవారిది, ఈ పని మగవారిది యను భేదము దండెమునకు లేదు.

ఎండయు గాలియు ప్రకృతి మనకు ఉచితముగా ఇచ్చినవి. కాని వానిని వినియోగించుకొనుటకు తెరపిగల చోటు కావలెను. శుభ్రమైన నీరు కావలెను. సురక్షితమైన దండెము కావలెను. శ్రమను గౌరవించు మనస్సు కావలెను. ఈ నాలుగును ప్రకృతి ఇచ్చునవి కావు, మనము సమకూర్చుకొనవలసినవి. ఎప్పుడైన నయాపూల్‌మీదుగా పోవునప్పుడు ఒక్క నిమిషము ఆగి క్రిందికి చూడుడు. ఆ బండలపై ఒకప్పుడు ఈ నగరపు బట్టలన్నియు ఆరినవి. ఆ నీరు మరల తేటపడవలెనని కోరుకొనుడు. అందుకు మీ వంతు పని చేయుడు.

ప్రశ్నలు

1. నయాపూల్‌కు ఆ పేరు ఎట్లు వచ్చినది?
2. బట్టలు త్వరగా ఆరుటకు కావలసిన సాధనములేవి? మూసీ యిసుకతిన్నెలు అందుకు ఎట్లు అనుకూలముగా ఉండెడివి?
3. ఎండలో ఆరుచున్న తడిబట్ట చల్లగా ఉండుటకు కారణమేమి? ఇదే సూత్రమునకు మరి రెండు ఉదాహరణములు వ్రాయుడు.
4. దండెము కట్టుటలో ఎట్టి జాగ్రత్తలు తీసికొనవలెను? విద్యుద్ఘాతము తగిలినవారిని ఎట్లు కాపాడవలెను?
5. చాకలివారు మూసీ రేవును విడువవలసివచ్చిన కారణములను వివరింపుడు.
6. శ్రమను గౌరవించుట యనగా నేమి? మడివాలు మాచయ్య, చాకలి ఐలమ్మల చరిత్రల ఆధారముతో ఇరువది పంక్తులు వ్రాయుడు.